కల్లెడ బాలిక పరుగు : పంచాయతీలకు ఒక పాఠము

మన గ్రామములలో నాలుగు వీధులు తిరిగినచో, తోటి పిల్లలవలె మాటలు రాని బాలుడో, చెప్పిన సంగతి వెంటనే గ్రహింపలేని బాలికయో ఏదో ఒక ఇంట కనబడుట కద్దు. అట్టి బిడ్డను నలుగురిలోనికి పంపుటకు ఇంటివారు జంకుదురు. బడి పుస్తకములో పేరున్నను బిడ్డ బడికి పోవుట అరుదు. ఆ బిడ్డకు తలిదండ్రులు పెట్టిన పేరొకటి, వీధి పెట్టిన పేరొకటి ఉండును. వీధి పెట్టిన పేరు ఎట్టిదో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

ఇట్టి బిడ్డల విషయమున గ్రామ పంచాయతీకి కర్తవ్యమేమైన కలదా? కలదేని అది ఎక్కడ ప్రారంభము కావలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై, వరంగల్లు జిల్లాలో పుట్టి, ప్రపంచ విజేతయైన ఒక పరుగుపందెపు క్రీడాకారిణి జీవితమును ఈ పాఠమున పరిశీలింపదలచితిమి. ఆమె పేరు జీవాంజి దీప్తి.

పుట్టిన ఊరు, పెట్టిన పేర్లు

పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామమున 2003లో దీప్తి జన్మించినది. తలిదండ్రులు కూలిపని చేసికొని జీవించువారు. పుట్టినప్పుడే బిడ్డ తల చిన్నదిగా ఉండెను, పెదవి చీలియుండెను. పెరుగుచున్న కొలది మాట ఆలస్యమగుట, తెలివి వయస్సుకు తగినట్లు వికసింపకుండుట తలిదండ్రులు గమనించిరి. చూచినవారు కొందరు ఆ బిడ్డను పిచ్చిదనియు, కోతియనియు పిలిచిరనియు, అనాథాశ్రమములో విడిచిపెట్టుడని సలహా చెప్పిరనియు తల్లి తరువాతి కాలమున పత్రికలవారితో చెప్పియున్నది. తలిదండ్రులు ఆ సలహా వినలేదు. కుటుంబము గడుచుటకై ఉన్న కొద్దిపాటి భూమిని అమ్ముకొనిరి గాని బిడ్డను వదలుకొనలేదు.

బిడ్డ రూపమును గ్రహణముతో ముడిపెట్టుట కూడ జరిగినది. ఇది ఒక్క కల్లెడలోని మాట కాదు. మన గ్రామములన్నిటను వినబడు మాటయే. కావున దీనిని గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. సూర్యగ్రహణమనగా చంద్రుని నీడ భూమిపై పడుట మాత్రమే. ఆ నీడ గర్భములోని శిశువును చేరదు, మార్చదు. గర్భము నిలిచిన నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపల శిశువు పెదవికి రెండు ప్రక్కల నుండి వచ్చు భాగములు ఒకటిగా కలియవలెను. అవి పూర్తిగా కలియనప్పుడు పెదవి చీలిక ఏర్పడును. వంశానుగతములైన కారణములు, తల్లికి ఫోలిక్ ఆమ్లము వంటి పోషకములు చాలకపోవుట, పొగాకు మున్నగునవి ఇందుకు దోహదము చేయవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. చీలిన పెదవిని శిశువు పుట్టిన కొద్ది నెలలలోనే శస్త్రచికిత్సచే సరిచేయవచ్చును. అట్లే బుద్ధి వికాసము కుంటుపడుటకు జన్యు కారణములు, నెలలు నిండక పుట్టుట, కాన్పు సమయమున శిశువుకు ప్రాణవాయువు అందకపోవుట, తల్లికి అయొడిను చాలకపోవుట మున్నగు కారణములు ఉండవచ్చును. వీనిలో ఏదియు తల్లి చేసిన పాపము కాదు. ఏదియు గ్రహణ దోషము కాదు.

బడి మైదానములో

ఎగతాళి చేసిన నోళ్ళు ఉన్న ఊరిలోనే ఆ బిడ్డకు మేలు చేసిన బడియు ఉండెను. గ్రామీణాభివృద్ధికై ఏర్పడిన ఒక స్వచ్ఛంద సంస్థ కల్లెడలో పాఠశాల నడుపుచున్నది. దీప్తి అందు చేరెను. పాఠములలో వెనుకబడిన ఆ బాలిక మైదానములో అందరికంటె ముందుండుటను అక్కడి వ్యాయామోపాధ్యాయుడు గమనించెను. ఆయన ఆమెచే సాధన చేయించి పోటీలకు కొనిపోయెను.

అట్టి పోటీలలో ఆమె పరుగు నాగపురి రమేశ్ గారి కంటబడెను. రమేశ్ గారు అప్పుడు భారత క్రీడా ప్రాధికార సంస్థలో శిక్షకులుగా ఉండిరి. 2016లో ద్రోణాచార్య పురస్కారము పొందినవారు. బాలికను హైదరాబాదుకు పంపుడని ఆయన తలిదండ్రులను కోరెను. బస్సు ఖర్చులకు కూడ వెదుకుకొనవలసిన కుటుంబమది. అయినను ఏర్పాట్లు జరిగినవి. హైదరాబాదులో శిక్షణ ప్రారంభమైనది.

మొదట ఆమె సాధారణ క్రీడాకారిణులతోడనే పోటీ చేసినది. ఆమెకు గల లోపమును గూర్చి నిపుణులచే పరీక్ష చేయించుట మంచిదని బ్యాడ్మింటన్ శిక్షకులు పుల్లెల గోపీచంద్ గారు సలహా చెప్పిరి. బౌద్ధిక వైకల్యమును గూర్చి పరిశోధనయు సేవయు చేయు జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే కలదు. అచ్చటి పరీక్షలలో ఆమెకు బౌద్ధిక వైకల్యము కలదని నిర్ధారణ అయ్యెను. ఆ నిర్ధారణ పిమ్మటనే దివ్యాంగుల అంతర్జాతీయ క్రీడలకు పోవు మార్గము ఆమెకు తెరచుకొన్నది.

సభ్యులు ఇచట ఒక విషయము గమనింపవలెను. ఊరిలో అందరును ఆమెను ‘పిచ్చిది’ అని ఎరుగుదురు. కాని ఆమె స్థితి యథార్థముగ ఏమిటో శాస్త్రీయముగ పరీక్షించి వ్రాసియిచ్చినవారు చాలకాలము ఎవరును లేరు. ఎగతాళి మాట ఆమెను ఇంటికి పరిమితము చేయజూచినది. పరీక్షా పత్రము ఆమెకు హక్కులను ఇచ్చినది. లోపము ఒక్కటే, దానిని చూచిన విధము వేరు.

‘టి 20’ అనగానేమి?

దివ్యాంగుల క్రీడోద్యమమునకు బీజము వేసినవారు లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యులు. ఆయన 1948లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో, వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీలకు పరిమితమైనవారికి పోటీలు జరిపించెను. ఆ ప్రయత్నమే పెరిగి 1960లో రోము నగరమున పారాలింపిక్ క్రీడలుగా రూపొందినది.

ఈ క్రీడలలో పోటీ న్యాయముగ ఉండుటకై, ఒకే విధమైన లోపము గలవారిని ఒక తరగతిగా చేయుదురు. ‘టి’ అను అక్షరము పరుగు బాటను సూచించును. చూపు లేనివారికి, చూపు మందగించినవారికి 11 నుండి 13 వరకు అంకెలు. కృత్రిమ కాళ్ళతో పరుగెత్తువారికి 61 నుండి 64 వరకు అంకెలు. ఇట్లు ప్రతి లోపమునకును అంకెలు కలవు. బౌద్ధిక వైకల్యము గలవారి తరగతి 20. ఈ తరగతిలో చేరుటకు బుద్ధిలబ్ధి 75 గాని అంతకు తక్కువ గాని ఉండవలెను. నిత్యజీవితపు పనులలో ఇబ్బంది ఉండవలెను. ఈ స్థితి ఎదుగు వయస్సులోనే ఏర్పడినదని రుజువు కావలెను.

ఇంత కఠిన నిబంధనలెందుకని సభ్యులు అడుగవచ్చును. 2000లో సిడ్నీ పారాలింపిక్ క్రీడలలో స్పెయిను దేశపు బాస్కెట్‌బాల్ జట్టు ఈ తరగతిలో స్వర్ణము గెలిచినది. ఆ జట్టులోని పన్నెండుగురిలో పదిమందికి ఏ లోపమును లేదని పిమ్మట బయటపడెను. పతకములు వెనుకకు తీసికొనిరి. అంతటితో ఆగక, బౌద్ధిక వైకల్యము గలవారి పోటీలన్నిటిని పారాలింపిక్ క్రీడల నుండి తొలగించిరి. పరీక్షా విధానము సరిదిద్దిన పిదప 2012లో లండనులో మాత్రమే వారికి తిరిగి ప్రవేశము లభించినది. పదిమంది చేసిన మోసమునకు యథార్థముగ అర్హులైనవారు పండ్రెండు సంవత్సరములు వాకిట నిలువవలసి వచ్చెను. దొంగ ధ్రువపత్రము ఎచ్చట పుట్టినను దాని నష్టము ఎవరిపై పడునో ఇందువలన తెలియుచున్నది.

రెండు ఫర్లాంగులు

దీప్తి పాల్గొను పందెము 400 మీటర్లది. మన పెద్దలు ఎరిగిన కొలతలో ఇది సుమారు రెండు ఫర్లాంగులు. మైదానము చుట్టు ఒక్క చుట్టు. ప్రతివారును తమకు కేటాయించిన గీతల మధ్యనే చివరివరకు పరుగెత్తవలెను. వెలుపలి బాటలు పొడవైనవి గనుక ఆ బాటలవారిని కొంత ముందుగా నిలుపుదురు. ఈ కారణమున పరుగు నడుమ ఎవరు ముందున్నారో, ఎవరు వెనుకబడినారో సులభముగ తెలియదు; చివరి మలుపు దాటిన పిదపనే తేటపడును.

ఇంత దూరము ఆద్యంతము పూర్తి వేగముతో పరుగెత్తుట ఎవరికిని సాధ్యము కాదు. మొదటనే బలమంతయు వెచ్చించినచో చివరి నూరు మీటర్లలో కాళ్ళు రాళ్ళవలె బరువెక్కును. కావున ఎంత బలము ఎప్పుడు వెచ్చింపవలెనో లెక్క వేసికొనవలెను. ఆ లెక్క మనస్సుతో చేయునది. బౌద్ధిక వైకల్యము గలవారికి కష్టమైనది సరిగా ఇదియే. చూపు లేనివారితో కూడ పరుగెత్తుటకు మార్గదర్శి ఉండును. ఈ తరగతివారికి ఎవరును తోడుండరు. నెలల తరబడి ఒకే విషయమును ఓపికతో మరల మరల చేయించి, దేహమునకు అలవాటు చేయుటయే శిక్షకుని పని. నేర్చుకొనుటలో ఆలస్యము వేరు, నేర్చుకొనలేకపోవుట వేరు. ఈ భేదమును గుర్తించినవాడే గురువు.

గెలుపులు, ఓటములు

2022లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున బౌద్ధిక వైకల్యము గలవారి ప్రాంతీయ క్రీడలలో దీప్తి 400 మీటర్ల పందెమున స్వర్ణము గెలుచుకొన్నది. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో 56.69 సెకండ్లలో పరుగు ముగించి స్వర్ణ పతకము పొందినది. బహుమతి సొమ్ము చేతికి వచ్చిన పిదప ఆ కుటుంబము మున్ను అమ్ముకొన్న భూమిని తిరిగి సంపాదించుకొనగలిగినది.

2024 మే నెలలో జపానులోని కోబె నగరమున ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరిగినవి. అందు దీప్తి 55.07 సెకండ్లలో గమ్యము చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అమెరికా దేశస్థురాలు బ్రియానా క్లార్క్ అంతకు పూర్వ సంవత్సరము నెలకొల్పిన రికార్డు 55.12 సెకండ్లు. హాంగ్‌ఝౌ నాటికి కోబె నాటికి నడుమ ఏడు నెలలు. ఆ ఏడు నెలలలో ఆమె తగ్గించుకొన్న కాలము 1.62 సెకండ్లు.

అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలు జరిగినవి. అందు తుర్కియే దేశస్థురాలు ఐసెల్ ఓండెర్ మొదటి దశ పరుగులోనే 54.96 సెకండ్లలో గమ్యము చేరి దీప్తి రికార్డును దాటినది. సెప్టెంబరు 3వ తేదీన తుది పందెము జరిగెను. ఉక్రెయిను దేశస్థురాలు యూలియా షూలియార్ 55.16 సెకండ్లతో స్వర్ణము, ఓండెర్ 55.23 సెకండ్లతో రజతము పొందిరి. దీప్తి 55.82 సెకండ్లతో కాంస్య పతకము పొందినది. కోబెలో పరుగెత్తిన వేగముతోనే పారిసులో పరుగెత్తియుండినచో స్వర్ణము ఆమెదే అయియుండెడిది. కాని పందెము ఆనాటి పరుగును మాత్రమే లెక్కించును. అయినను ఆ క్రీడలలో భారతదేశమునకు లభించిన 29 పతకములలో కల్లెడ బాలిక పతకము ఒకటి.

రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు కోటి రూపాయల బహుమానమును, వరంగల్లులో ఇంటి స్థలమును, గ్రూపు 2 స్థాయి ఉద్యోగమును ప్రకటించినది. శిక్షకులు రమేశ్ గారికి 10 లక్షల రూపాయలు ప్రకటించినది. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆమె అర్జున పురస్కారము స్వీకరించినది.

పిమ్మట 2025 సెప్టెంబరులో ప్రపంచ పోటీలు మొదటిసారిగ మన దేశమున, ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ మైదానములో జరిగినవి. అందు దీప్తి 55.16 సెకండ్లలో పరుగెత్తినది. పారిసులో స్వర్ణము తెచ్చిన కాలము సరిగా ఇదియే. అయినను ఓండెర్ 54.51 సెకండ్లలో గమ్యము చేరుటచే దీప్తికి రజతము దక్కినది. తాను ముందుకు సాగుచున్నను తోటివారు ఇంకను వేగముగ సాగవచ్చును. ఓడిన పిదప తిరిగి సాధనకు పోవుటయే క్రీడాకారుల జీవితము. ఆ విషయమున దీప్తికిని ఏ లోపము లేని క్రీడాకారిణికిని భేదము లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఈ చరిత్రలో పంచాయతీ సభ్యులు గ్రహింపవలసినది పతకముల లెక్క కాదు. ఒక ఉపాధ్యాయుడు చూచెను. ఒక శిక్షకుడు బాధ్యత వహించెను. ఒకరు పరీక్ష చేయింపుమని సలహా ఇచ్చిరి. ఒక సంస్థ పరీక్షించి పత్రమిచ్చెను. ఇందులో ఏ ఒక్కటి తప్పినను ఆ బాలిక ఈనాడు ఎచ్చట ఉండెడిదో ఊహించుట కష్టము కాదు. ప్రతి గ్రామమునకును పేరొందిన శిక్షకులు రాలేరు. కాని మొదట చూచుట, పరీక్షకు పంపుట అను రెండు పనులు గ్రామము చేతిలోనివే.

ఇది దయతో చేయవలసిన పని మాత్రమే కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. అందు 26వది సాంఘిక సంక్షేమము. వికలాంగుల, మానసికముగ వెనుకబడినవారి సంక్షేమము ఆ అంశములో స్పష్టముగ పేర్కొనబడినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది; బౌద్ధిక వైకల్యము అందొకటి.

కావున సభ్యులు ఈ దిగువ పనులను ఆలోచింతురుగాక.

మొదటిది, గుర్తింపు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త సహాయముతో, వయస్సుకు తగిన మాట, నడక, గ్రహింపు లేని పిల్లల పట్టికను వార్డులవారీగ తయారు చేయవలెను. పుట్టినది మొదలు 18 సంవత్సరముల వరకు పిల్లలను పరీక్షించుటకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013 నుండి కలదు. ఆ వైద్య బృందము గ్రామమునకు వచ్చు దినమున పట్టికలోని బిడ్డలందరు హాజరగునట్లు చూచుట వార్డు సభ్యుని పని. దాచియుంచిన బిడ్డను వైద్యుడు చూడలేడు.

రెండవది, ధ్రువపత్రము. వైకల్యము 40 శాతము గాని అంతకు మించి గాని ఉన్నవారికి చట్టములోని ముఖ్యమైన సౌకర్యములు లభించును. ధ్రువపత్రము లేనిదే హక్కు చేతికి రాదు. దేశమంతట చెల్లు ప్రత్యేక గుర్తింపు కార్డు ఉన్నచో ఊరూరను మరల పరీక్షలకు తిరుగనక్కరలేదు. కూలికి పోవు తల్లి ఒక దినపు కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవలసి వచ్చును. పోయి పని కాక తిరిగి వచ్చినచో రెండవసారి పోదు. ఆమెకు తోడుగా ఒక సభ్యుడు పోవుట చిన్న సహాయమువలె కనబడును గాని పెక్కుచోట్ల పని తెగుటయో నిలుచుటయో దానిపైననే ఆధారపడియుండును.

మూడవది, చదువు. నిర్ణీత స్థాయి వైకల్యము గల ప్రతి బిడ్డకును 6 నుండి 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య పొందు హక్కును పై చట్టము ఇచ్చినది. సమీపమున గల బడిలో గాని, కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని చదువవచ్చును. మండల కేంద్రములలో ఇట్టి పిల్లలకై భవిత కేంద్రములు కలవు. పంచాయతీ వారు ప్రధానోపాధ్యాయునితో మాటలాడి, తమ గ్రామపు పిల్లలు అచ్చటికి పోవుటకు గల ఆటంకమేమో తెలిసికొనవలెను.

నాలుగవది, ఆట. బడిలో ఆటల పోటీలు పెట్టినప్పుడు ఈ పిల్లలను గట్టుపై కూర్చుండబెట్టి చప్పట్లు కొట్టుమనుట మన అలవాటు. వారిని బరిలోనికి దింపవలెను. ఎవరిలో ఏమి కలదో దిగిన పిదపనే తెలియును.

ఐదవది, మాట. నలుగురిలో దివ్యాంగులను అవమానింపవలెనను ఉద్దేశ్యముతో దూషించుట, బెదరించుట ఆ చట్టములోని 92వ సెక్షను క్రింద నేరము. ఆరు నెలలు మొదలు అయిదు సంవత్సరముల వరకు శిక్షయు జరిమానాయు కలవు. శిక్ష పడువరకు విషయము పోకుండ, గ్రామసభలో సర్పంచి స్వయముగ ఈ సెక్షనును చదివి వినిపించుట మేలు.

ఒక హెచ్చరిక

ఈ పాఠము చదివి, ‘మన ఊరి బిడ్డ కూడ పతకము తెచ్చునా?’ అని ఎవరైన అడుగవచ్చును. తేవచ్చును, తేకపోవచ్చును. నిజమునకు ఎక్కువమంది తేరు. తన బట్టలు తాను ఉతుకుకొనుట, అంగడికి పోయి సరుకు తెచ్చుట, మేకలను లెక్కించి ఇంటికి తోలుకొని వచ్చుట నేర్చిన బిడ్డ కూడ ఆ ఇంటికి పెద్ద ఊరట. పతకము తెచ్చిన పిదప దీప్తికి ఊరు గౌరవము చూపినది, సంతోషమే. కాని పతకము లేకున్నను ఆ గౌరవమునకు ఆమె తగియే ఉండినది. పతకము తేలేని బిడ్డల విషయముననే పంచాయతీ మంచితనమునకు పరీక్ష.

సభ్యులను మేము కోరునది ఒక చిన్న పని. వచ్చు సమావేశమున ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని ఇట్టి పిల్లల పేర్లు వ్రాసికొని రావలెను. వీధి పెట్టిన పేర్లు కాదు. తలిదండ్రులు పెట్టిన పేర్లు. ఆ పేరు తెలియనిచో ఆ ఇంటికి పోయి అడిగి తెలిసికొనవలెను. పంచాయతీ కార్యదర్శి ఆ పేర్లను సమావేశపు పుస్తకములో వ్రాయవలెను. పిదప చేయవలసిన పనులు ఆ పేర్ల ప్రక్కన ఒక్కొక్కటిగా వచ్చి చేరును.